అనంతపురం ఎండల్లో బ్రయోఫైట్ల మీద పరిశోధన చేయవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఎం.ఎస్‌సి. వృక్షశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నారు. మాస్ మొక్కలు, లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌ల మీద (ఈ మూడింటినీ కలిపే బ్రయోఫైట్లు అంటాం) ప్రాజెక్టు చేసి, కుదిరితే పిహెచ్.డి. కూడా అందులోనే చేయాలని ఉంది. మీది అనంతపురం కావడంతో "వానలే పడని చోట ఈ మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?" అని తోటివాళ్లు నవ్వుతున్నారు. "అంతా పాఠ్యపుస్తకంలో ఉన్నదే, కొత్తగా కనుక్కోవడానికి ఏం మిగిలింది?" అని లెక్చరర్ ఒకరు అన్నారు. ఈ రెండో మాటకే ముందు జవాబు చెబుతాను. పిల్లల ఉత్సాహాన్ని ఎక్కువగా చంపేది అదే.

డిగ్రీలో మనందరం రాసిన వ్యాసరూప ప్రశ్న ఒకటుంది, "బ్రయోఫైటాలో సిద్ధబీజద పరిణామం" అని. సిద్ధబీజదం అంటే మొక్క జీవితంలో సిద్ధబీజాలను తయారుచేసే దశ. రిక్సియాతో మొదలుపెడతాం. దాని సిద్ధబీజదానికి పాదమూ ఉండదు, కాడా ఉండదు, ఉత్త గుళికే. అక్కడి నుంచి మార్కాంషియా, పెలియా, ఆంథోసిరాస్ మీదుగా ఫ్యునేరియాకు వస్తాం. మెట్టు మెట్టుకూ వంధ్య కణజాలం పెరుగుతుంది, సిద్ధబీజాలనిచ్చే కణజాలం తగ్గుతుంది. ఆ పై మెట్టు ఫెర్న్‌లు. ఇది 20వ శతాబ్దం మొదట్లో ఎఫ్.ఓ. బోవర్ బలంగా నిలబెట్టిన ఆలోచన. చెప్పడానికి సులువు, బొమ్మలు వేయడానికి ఇంకా సులువు. అందుకే వందేళ్లుగా సిలబస్‌లో చెక్కుచెదరకుండా ఉంది.

దాదాపు ఆ కాలంలోనే లాహోర్‌లో పనిచేస్తున్న శివరామ్ కశ్యప్ దీన్ని తలకిందులు చేసి చూశారు. వైద్యం చదివి వృక్షశాస్త్రానికి వచ్చిన మనిషి. పశ్చిమ హిమాలయాల్లో కాలినడకన తిరిగి లివర్‌వర్ట్‌లు సేకరించారు. ఐచిసోనియెల్లా, సివార్డియెల్లా, స్టీఫెన్సోనియెల్లా అనే మూడు కొత్త ప్రజాతులను లోకానికి తెలిపారు. ఆ లివర్‌వర్ట్‌లను వరుసగా పెట్టి చూశాక ఆయన తేల్చింది ఏమిటంటే, సరళంగా కనిపించే రూపాలు మొదటివి కావు, సంక్లిష్టమైన వాటి నుంచి భాగాలు తగ్గిపోగా మిగిలినవి. పరీక్షల్లో దీన్ని "తిరోగమన సిద్ధాంతం" పేరుతో అయిదు మార్కులకు రాసి మరిచిపోతాం.

ఇప్పుడు డీఎన్‌ఏ ఆధారాలు ఏం చెబుతున్నాయో చూడండి. రిక్సియా అన్నింటికన్నా కింది మెట్టు మీది మొక్క కాదు. మార్కాంషియా బంధువర్గం లోపలే, ఆలస్యంగా చీలిన శాఖల్లో ఉంది. దాని సిద్ధబీజదం ఆదిలో ఉన్న సరళ రూపం కాదు, క్షీణించి సరళమైనది. ఆ మేరకు కశ్యప్ మాటే నిలిచింది. బ్రయోఫైట్లు ఫెర్న్‌ల వంటి మొక్కల నుంచే వచ్చి ఉంటాయన్న ఆయన ఊహ మాత్రం నిలవలేదు. 2018 నుంచి వరుసగా వచ్చిన జన్యు విశ్లేషణల్లో మాస్, లివర్‌వర్ట్, హార్న్‌వర్ట్ మూడూ కలిసి ఒకే కొమ్మగా తేలుతున్నాయి. 2019లో వెలువడిన, వెయ్యి మొక్కల్లో పనిచేస్తున్న జన్యువులను చదివిన ట్రాన్స్‌క్రిప్టోమ్ అధ్యయనమూ అదే చూపింది. నాళికా మొక్కలు, అంటే నీటిని మోసే నాళాలున్న మొక్కలన్నీ ఇంకో కొమ్మ. దాదాపు 50 కోట్ల ఏళ్ల కిందట ఈ రెండూ విడిపోయాయి. అంటే మన గోడ మీది మాస్ వేప చెట్టుకు పూర్వీకురాలు కాదు, దాయాది. రెండింటి వయసూ ఒకటే.

దీనివల్ల తేడా ఏమిటని అడగవచ్చు. పత్రరంధ్రాల సంగతే తీసుకోండి. హార్న్‌వర్ట్‌లలో, మాస్‌లలో సిద్ధబీజదం మీద అవి ఉంటాయి. లివర్‌వర్ట్‌లలో ఒక్కటీ ఉండదు. మెట్ల కథ ప్రకారం, పత్రరంధ్రాలు పుట్టకముందే లివర్‌వర్ట్‌లు విడిపోయాయి. కొత్త వృక్షంలో మాస్‌లు, లివర్‌వర్ట్‌లు తోబుట్టువులు కాబట్టి, ఆ వివరణ కుదరదు. లివర్‌వర్ట్‌లు పత్రరంధ్రాలను పోగొట్టుకున్నాయి. 2020లో హారిస్, సహచరులు పత్రరంధ్రాల తయారీకి సంబంధించిన జన్యువులను వెతికి ఇదే నిర్ణయానికి వచ్చారు. అదే బృందం 2022లో ఇంకాస్త ముందుకు వెళ్లి, నేల మొక్కల ఉమ్మడి పూర్వీకురాలే సంక్లిష్టమైన మొక్క అని, బ్రయోఫైట్ల వైపు పెద్ద ఎత్తున జన్యువులు తగ్గాయని చెప్పింది. ఆ మాట చల్లారకముందే 2025లో 123 బ్రయోఫైట్ల జీనోమ్‌లను కొత్తగా చదివిన మరో అధ్యయనం, మొత్తం మీద జన్యు కుటుంబాల వైవిధ్యం నాళికా మొక్కల కంటే బ్రయోఫైట్లలోనే ఎక్కువని తేల్చింది. పోగొట్టుకున్నవీ ఉన్నాయి, తమదైన దారిలో సంపాదించుకున్నవీ చాలా ఉన్నాయన్నమాట. మీ లెక్చరర్ "అంతా అయిపోయింది" అంటున్న విషయంలో పరిస్థితి ఇది. మర్యాదగా ఈ రెండు వ్యాసాలూ తీసుకెళ్లి చూపండి, వాదించకండి.

మూడు వర్గాల్లో ఖాళీ ఎక్కువగా ఉన్నది హార్న్‌వర్ట్‌లలో. ప్రపంచంలో మాస్ జాతులు 12 వేల పైచిలుకు, లివర్‌వర్ట్‌లు ఏడు వేల పైచిలుకు ఉంటే, ఇవి రెండు వందల చిల్లరే. నీళ్లచుక్కలో చిన్న ముక్క పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే వీటి ప్రత్యేకత అర్థమవుతుంది. చాలా నేల మొక్కల కణంలో హరితరేణువులు పదుల సంఖ్యలో చెదిరి ఉంటాయి. ఆంథోసిరాస్ కణంలో చాలాసార్లు ఒక్కటే కనిపిస్తుంది, కణం నిండా పరుచుకున్న పచ్చటి పలకలాగా. దాని నడుమ కాస్త ముదురుగా కనిపించేది పైరినాయిడ్. శైవలాల్లో ఇది మామూలే, నేల మొక్కల్లో మాత్రం హార్న్‌వర్ట్‌లకే ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను దాన్ని పట్టుకునే రుబిస్కో ఎంజైమ్ దగ్గర పోగుచేసి పెట్టడం దీని పని. థాలస్‌ను, అంటే ఆకులా పరుచుకున్న మొక్క దేహాన్ని, తిరగేస్తే కింది వైపు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి మొక్క లోపల కాపురమున్న నాస్టాక్ అనే నీలి-ఆకుపచ్చ బాక్టీరియా కాలనీలు, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేవి. కార్బన్‌ను పోగేసే ఏర్పాటు, నత్రజనిని తెచ్చే ఏర్పాటు రెండూ ఒకే మొక్కలో ఉన్నాయంటే పంటల శాస్త్రజ్ఞులు ఊరుకుంటారా! వరి వంటి పంటల్లో పైరినాయిడ్‌ను అమర్చగలమా అన్న ప్రశ్నకు శైవలాల కంటే హార్న్‌వర్ట్ దగ్గరి నమూనా. 2012లో విల్యారియల్, రెనర్ చూపినదాని ప్రకారం గత 10 కోట్ల ఏళ్లలో హార్న్‌వర్ట్‌లలో పైరినాయిడ్ కనీసం అయిదుసార్లు పుట్టింది, పోయింది. ఎందుకు పోయింది, ఏ పరిస్థితిలో అవసరం లేకపోయింది అన్నది ఇంకా తెగని ప్రశ్న. ఆంథోసిరాస్ జీనోమ్‌లు 2020లో వచ్చాయి; జన్యువులను చొప్పించే పద్ధతి 2021లో వచ్చింది. ఫిస్కోమిట్రియం మాస్‌లో కోరిన జన్యువును కోరిన చోట మార్చే పద్ధతి 1997లోనే ఉంది, జీనోమ్ 2008లో వచ్చింది. మార్కాంషియా జీనోమ్ 2017లో వచ్చింది. ఆ రెండింటి మీదా పెద్ద ప్రయోగశాలలు ఎన్నో పనిచేస్తున్నాయి, పోటీ గట్టిది. హార్న్‌వర్ట్ వైపు ఇంకా రద్దీ లేదు.

అయితే అనంతపురంలో కూర్చుని హార్న్‌వర్ట్ ప్రాజెక్టు పెట్టుకోమని చెప్పను. అవి వానాకాలం చివర్లో తడి గట్ల మీద, కొండదారుల అంచున కొన్ని వారాలు కనిపించి మాయమవుతాయి. హార్స్‌లీ హిల్స్, నల్లమల, ఇంకా పైన అరకు, అనంతగిరి వెతకదగిన చోట్లు. పిహెచ్.డి.కి పెట్టుకోండి.

ఎం.ఎస్‌సి. ప్రాజెక్టుకు మీ ఊరి ఎండే అసలు పెట్టుబడి. మాస్‌లకు నీటిని నిలుపుకునే తొడుగు లేదు, నీటిని పీల్చే వేర్లు లేవు. గాలి ఎండితే మొక్కా ఎండుతుంది. చాలా మాస్‌లు దీనికి చనిపోవు, పని ఆపేస్తాయి అంతే. పాత సున్నపు గోడ, నీళ్ల ట్యాంకు అడుగు, బావి గట్టు ఎక్కడైనా వేసవిలో నల్లగా, గరుకుగా ఉన్న పొర కనిపిస్తే లెన్స్‌తో చూడండి. ఆకుల అంచులు లోపలికి చుట్టుకుని ఉంటే హయోఫిలా ఇన్వాల్యూటా అయ్యే అవకాశం బాగా ఉంది. ఒక చుక్క నీళ్లు వేయండి. నిమిషం తిరిగేలోపు ఆకులన్నీ విప్పుకుని నక్షత్రంలా పరుచుకుంటాయి, నలుపు పోయి పచ్చదనం బయటపడుతుంది. గుళికలు కనిపించకపోవచ్చు; ఆకుల గ్రీవాల్లో జెమ్మాల కోసం, అంటే రాలి కొత్త మొక్కలయ్యే చిన్న ముక్కల కోసం వెతకండి.

ఈ ఎండి బతికే శక్తి మీద ఇప్పుడు జోరుగా పని జరుగుతోంది. సింట్రికియా కెనినెర్విస్ అనే ఎడారి మాస్‌ను చైనాలోని షిన్‌జియాంగ్ పరిశోధకులు మైనస్ 80 డిగ్రీల దగ్గర అయిదేళ్లు, ద్రవ నత్రజనిలో మైనస్ 196 దగ్గర 30 రోజులు ఉంచి తీస్తే మళ్లీ చిగురించిందని 2024లో ప్రకటించారు. పత్రికలన్నీ "అంగారకుడి మీద మొక్క" అని శీర్షికలు పెట్టాయి. నాకు ఆ శీర్షికల మీద మోజు లేదు. తట్టుకోవడం వేరు, అక్కడ పెరగడం వేరు. అదే మొక్క మీద 2012లో అమెరికాలోని కొలరాడో పీఠభూమిలో చేసిన పని నా దృష్టిలో ఎక్కువ విలువైనది. వేసవిలో చిన్న చిన్న జల్లులు, ఒక్కోటి 1.2 మిల్లీమీటర్లు, తరచుగా కురిసేలా ఏర్పాటు చేశారు. నీళ్లు ఎక్కువిస్తే మాస్ బాగుపడాలి కదా? ఒక్క ఎదుగుదల కాలంలోనే నేల మీద మాస్ పరుపు సుమారు 25 శాతం నుంచి 2 శాతం లోపుకు పడిపోయింది.

కారణం లెక్కలో ఉంది. తడి తగలగానే మాస్ ముందు శ్వాసక్రియ పెంచి, ఎండినప్పుడు దెబ్బతిన్న పొరలను, ప్రోటీన్లను బాగుచేసుకుంటుంది. దానికి నిల్వ కార్బన్ ఖర్చవుతుంది. ఆ తరువాతే కిరణజన్య సంయోగక్రియ పుంజుకుని ఖర్చు తిరిగొస్తుంది. జల్లు మరీ చిన్నదైతే, ఆదాయం మొదలయ్యేలోపే మొక్క మళ్లీ ఎండిపోతుంది. కూలికి వెళ్లినవాడికి బస్సు ఛార్జీలే కూలిడబ్బు కంటే ఎక్కువైన పరిస్థితి. అలాంటి రోజులు వరుసగా వస్తే మొక్క ఖాళీ అయిపోతుంది. దీనికి తోడు, ఎండి ఉన్నప్పుడు తట్టుకునే వేడిని తడిగా ఉన్నప్పుడు మాస్ తట్టుకోలేదు.

ఇప్పుడు మీ జిల్లాను చూడండి. దేశంలో అతి తక్కువ వర్షపాతం ఉన్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. వేసవిలో మధ్యాహ్నపు చిరుజల్లు, గంటలో మళ్లీ ఎండ అక్కడ మామూలే. హయోఫిలాకు ఎంతసేపటి తడి లాభం, ఎంతలోపు అయితే నష్టం? ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి ప్రశ్న మీ ప్రాంతంలో నాకు తోచడం లేదు. ఖరీదైన పరికరం కూడా అక్కర్లేదు. ఒకే గోడ నుంచి తీసిన మాస్ పరుపును సెంటీమీటరు ముక్కలుగా కోసి, ఎండబెట్టి, గుంపులుగా పెట్రి డిష్‌లలో పెట్టండి. ఒక గుంపుకు రోజూ పది నిమిషాల తడి, ఒకదానికి గంట, ఒకదానికి ఆరు గంటలు. మరొకదాన్ని ఎండుగానే వదిలేయండి, అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. గదిలో వెలుతురు, ఉష్ణోగ్రత అన్నింటికీ ఒకేలా ఉండాలి. కొన్ని వారాల తరువాత 80 శాతం అసిటోన్‌లో పత్రహరితం తీసి 645, 663 నానోమీటర్ల దగ్గర చదవండి. స్పెక్ట్రోఫోటోమీటర్ ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఉంటుంది. విడి ఆకులను తడి వడపోత కాగితం మీద వేసి ఎన్ని తిరిగి మొలకెత్తాయో లెక్కపెట్టండి. బతికి ఉందా లేదా అన్నదానికి ఇది పత్రహరితం కంటే నమ్మదగిన సాక్ష్యం. క్లోరోఫిల్ ఫ్లోరసెన్స్ కొలిచే యంత్రం ఎవరిదగ్గరైనా అరువు దొరికితే ఇంకా మంచిది. నీటి శాతం చూడటానికి మాత్రం మంచి త్రాసు తప్పనిసరి.

వర్గీకరణ వైపు వెళ్లాలనుకుంటే నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. మన దగ్గర "ఫలానా జిల్లా బ్రయోఫైట్లు" అని జాబితా వేసి ముగించే సిద్ధాంతవ్యాసాలు వస్తుంటాయి. జాబితా అవసరమే, మన రెండు రాష్ట్రాల్లో చాలా మండలాల నుంచి ఒక్క నమూనా కూడా ఏ హెర్బేరియంలోనూ (ఎండబెట్టిన మొక్కల భాండాగారంలోనూ) ఉండదు. కానీ వెనుక నమూనా లేని పేరు ఎవరికీ పనికిరాదు, రేపు దాన్ని సరిచూసే దారి ఉండదు. దానికంటే ప్రమాదం, ఒకే ఒక్క నమూనా చూసి కొత్త జాతి ప్రకటించాలన్న తొందర. మాస్ ఆకు ఆకారం తడిని బట్టి, నీడను బట్టి మారుతుంది. ముందు పాత నమూనాలతో పోల్చి చూడండి.

సేకరణకు పెద్ద హంగు అక్కర్లేదు. 10 రెట్లు, వీలైతే 20 రెట్లు పెద్దగా చూపే చేతి లెన్స్, పెన్‌నైఫ్, మడిచిన కాగితం పొట్లాలు చాలు. పాలిథీన్ సంచిలో వేస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. పొట్లం మీద పెన్సిల్‌తో అక్కడికక్కడే ఊరు, ఎత్తు, తేదీ, సేకరణ సంఖ్య, అన్నింటికంటే ముఖ్యంగా అది దేని మీద పెరిగిందో రాయండి: సున్నపు గోడా, గ్రానైటు బండా, చింతచెట్టు బెరడా, చెరువు గట్టు మట్టా. ఇంటికొచ్చాక రాద్దామనుకుంటే సగం పొట్లాలు కలిసిపోతాయి. నీడలో ఆరబెట్టండి, పూలమొక్కల్లాగా ప్రెస్‌లో బిగించకండి. ఎండిన మాస్ దశాబ్దాల తరువాత కూడా నీళ్లలో వేస్తే పోలిక పట్టేంతగా విప్పుకుంటుంది. లివర్‌వర్ట్‌లతో ఆ వెసులుబాటు లేదు. ఆకులున్న లివర్‌వర్ట్‌ల కణాల్లోని నూనె బిందువులు ఎండితే పోతాయి, గుర్తింపుకు అవి కీలకం. తాజాగా ఉన్నప్పుడే చూసి ఫోటో తీయాలి. రిక్సియాలో పండిన సిద్ధబీజాలు లేకుండా జాతి పేరు రాయకండి. వాటి గోడ మీది నగిషీయే గుర్తు. జులైలో పచ్చగా ముచ్చటగా ఉన్న రోజెట్ కంటే అక్టోబరులో సగం ఎండిన రోజెట్టే మీకు ఎక్కువ చెబుతుంది. నమూనాల నకళ్లను హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రంలోనో, బ్రయోఫైట్లకు పాత సంప్రదాయం ఉన్న లక్నోలోనో భద్రపరచమని అడగండి.

పట్టణంలో ఉండి చేయగలిగిన మూడో దారి ఒకటుంది, దీన్ని తక్కువ చేయకండి. వేర్లు లేవు కాబట్టి మాస్ తన తిండి గాలి నుంచి, వాన నుంచి తెచ్చుకుంటుంది. దాంతోపాటే సీసం, కాడ్మియం వంటివీ పోగవుతాయి. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో అటవీ శాఖ పరిశోధకులు చెట్ల మీది ఒక మాస్‌ను నగరమంతటా 346 నమూనాలుగా సేకరించి విశ్లేషిస్తే, కాడ్మియం ఎక్కువగా ఉన్న చోట్లు రెండు రంగుటద్దాల కర్మాగారాల చుట్టూ తేలాయి. అప్పటిదాకా ఆ కాడ్మియం అక్కడి నుంచి వస్తోందని అధికారులకు తెలియదు. 2016లో ఇది బయటికి రాగానే నియమాలే మారాయి. యూరప్‌లో 1990 నుంచి అయిదేళ్లకోసారి అనేక దేశాల్లో ఇలాంటి మాస్ సర్వే నడుస్తోంది. మన దగ్గర చెట్ల మీద మాస్ చాలని చోట, శుభ్రమైన మాస్‌ను వల సంచుల్లో కట్టి కూడళ్లలో వేలాడదీసే పద్ధతి ఉంది. లోహాల విశ్లేషణకు డబ్బు అవుతుంది, గైడ్‌తో ముందే మాట్లాడుకోండి.

ఉద్యోగాల గురించి అడగలేదు గాని ఇంట్లో అడుగుతారు. బ్రయాలజిస్ట్ కావాలి అని ప్రకటన మన దేశంలో ఎప్పుడో గాని రాదు. నెట్ రాసి జె.ఆర్.ఎఫ్. తెచ్చుకోండి, గైడ్ ఎంపికలో అదే మీ బలం. గుర్తింపు నైపుణ్యం ఒక్కటే ఉన్నవాళ్లు, డీఎన్‌ఏ పని ఒక్కటే వచ్చినవాళ్లు ఉన్నారు. రెండూ వచ్చినవాళ్లు అరుదు, వాళ్లకు పని దొరుకుతుంది. వైద్యం వైపు కూడా తలుపు తెరుచుకుంది: ఫాబ్రీ అనే జన్యువ్యాధికి కావలసిన ఎంజైమ్‌ను ఫిస్కోమిట్రియం మాస్‌లో తయారుచేసి, మనుషుల మీద తొలిదశ పరీక్ష కూడా జరిపారు.

అభయారణ్యంలోగాని, రిజర్వు అడవిలోగాని సేకరించాలంటే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. "చిటికెడు మాసే కదా" అన్న వాదన చెల్లదు. నమూనాలను విదేశీ సహచరులకు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తిస్తాయి. ఈ కాగితాలకే నెలలు పడుతుంది. మీ ప్రాజెక్టు గడువు ఒక్క సెమిస్టరే అయితే అడవి జోలికి వెళ్లకండి. గోడ మీది హయోఫిలాకు యజమాని అనుమతి చాలు. ఈ వారమే రెండు మూడు గోడలు చూసి, గుళికలు లేదా జెమ్మాలు ఉన్న పరుపును ఎంచుకుని, జాతి పేరు ఖాయం చేసుకున్నాకే డిష్‌లు పెట్టండి.